పుజిహర్జో గారి లాప్‌టాప్‌కి నేను చేసిన మేలు

జావా దీవిలో మా ఊరు కొతగెడె. ఇక్కడి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంఘంలో తొమ్మిదిమంది సభ్యులం. అందులో ఏడుగురం కార్యవర్గంలో ఉన్నాం. మిగిలిన ఇద్దరూ సమావేశాలకు రారు కాబట్టి వాళ్ళకు పదవులు అంటగట్టడం కుదరలేదు. నేను సంయుక్త కార్యదర్శిని, పేరు వినార్డి. వెండిపనివాళ్ళ వీధి చివరనున్న వృత్తివిద్యా పాఠశాలలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. నా సొంత లాప్‌టాప్‌లో పదకొండేళ్ళలో ముప్ఫై నాలుగుసార్లు లినక్స్ మార్చాను. ఈ పదకొండేళ్ళలో దాని మీద ఇంకేం పని చేశారని మా ఆవిడ ఒకసారి అడిగింది. అమాయకంగా అడిగిందో, కావాలని అడిగిందో తేల్చుకోలేక జవాబు వాయిదా వేశాను. ఆ వాయిదా ఇంకా నడుస్తోంది.

తెలియనివారి కోసం ఒక్కమాట. లినక్స్ లోపలి యంత్రం అందరికీ ఒకటే. దానికి తలుపులూ కిటికీలూ రంగులూ అమర్చి, మూటగట్టి పంచేవాళ్ళు మాత్రం వందలమంది. ఒక్కో మూటను డిస్ట్రో అంటాం. ఏ మూట మంచిదన్న విషయం మీద పెళ్ళిసంబంధం వదులుకున్న పెద్దమనిషి ఒకాయన మా సంఘంలోనే ఉన్నాడు. ఆయన కోశాధికారి.

ఈ అర్హతలతోనే నేను పాక్ పుజిహర్జో జీవితంలో అడుగుపెట్టాను. మగవాళ్ళ పేరు ముందు పాక్, ఆడవాళ్ళ పేరు ముందు బు అంటే మా వైపు గారు అన్నట్టు.

ఆయనకు అరవై రెండేళ్ళు. పెళ్ళిళ్ళలో మైకు ముందు నిలబడి తంతంతా మాటలతో నడిపించడం ఆయన వృత్తి. తలకు బ్లాంగ్‌కోన్ పాగా, నడుముకు బాటిక్ పంచె, వెనక దోపిన క్రిస్ కత్తి, వీటన్నిటికీ మించి ఒక గొంతు. పెళ్ళికూతురు మూడడుగులు వేస్తే ఆ మూడడుగుల మీద ఆయన నాలుగు నిమిషాలు మాట్లాడగలడు, ముసలమ్మలు కళ్ళొత్తుకునేలాగా. ఇక మర్యాద సంగతా? ఎదుటివాళ్ళ ముఖాన కాదు, లేదు, వద్దు అని ఆయన అనగా విన్నవాళ్ళు లేరు. ఎవరో మోటార్‌సైకిల్ తెచ్చి ఆయన పాదం మీద ఆపితే, "తొందరేం లేదు బాబూ, నీ వీలు చూసుకుని తియ్యి" అన్నాడట. జావాలో పుట్టినవాళ్ళం అందరం అంతో ఇంతో ఇలాంటివాళ్ళమే గానీ, ఆయన మా అందరికీ కొలబద్ద.

ఆయన భార్య బు కస్మియాతిది సురబయ. అక్కడివాళ్ళు కూర బాగాలేకపోతే బాగాలేదంటారు. మా వైపు దాన్ని నేరంగా పరిగణిస్తాం.

పాక్ పుజి దగ్గర ఒక లాప్‌టాప్ ఉండేది. మండలాఫీసువాళ్ళు పాత సామాను వేలం వేస్తే కొన్నాడు. మీట నొక్కి, స్నానం చేసి, బాటిక్ చుట్టుకుని, పాగా సర్దుకుని వచ్చేసరికి తెర వెలిగేది. అందులో గమెలాన్ వాద్యాల రికార్డులుండేవి. వరుణ్ణి పిలిచేటప్పుడు ఒకటి, వధువు గడప దాటేటప్పుడు ఇంకొకటి. వైరు తెచ్చి లాప్‌టాప్‌కి గుచ్చితే పందిట్లో పెద్ద స్పీకర్లు మోగేవి. నిజాయితీగా ఒప్పుకోవాలి కాబట్టి ఒప్పుకుంటున్నాను. నేను వెళ్ళేనాటికి అవి మోగుతూనే ఉన్నాయి.

"పాక్ పుజి, ఇందులో ఉన్నది దొంగ కాపీ అని మీకు తెలుసా?" అన్నాను ఆయన అరుగు మీద కూర్చుని.

"అయ్యయ్యో! ఆఫీసువాళ్ళు రసీదు కూడా ఇచ్చారు మాస్." మాస్ అంటే తనకంటే చిన్నవాణ్ణి మర్యాదగా పిలిచే పిలుపు.

"యంత్రం సంగతి కాదు, లోపలి సాఫ్ట్‌వేర్ సంగతి. లినక్స్ వేసేద్దాం. వేగం, స్వేచ్ఛ, ఆత్మగౌరవం."

"మీకు శ్రమ కదా."

"శ్రమేముంది!"

"అలాగే మాస్. మీకు ఏది మంచిదనిపిస్తే అది."

లోపల్నుంచి బు కస్మియాతి గొంతు వినిపించింది. "ఇప్పుడు పాటొస్తోందిగా, మళ్ళీ దాన్ని కెలకడం ఎందుకూ?"

"మీకు ఏది మంచిదనిపిస్తే అది" అంటే మా ఊళ్ళో అర్థం, బాబ్బాబూ నన్ను వదిలెయ్యమని. మూడేళ్ళ పిల్లకు కూడా తెలుసు. ఎవరింట్లోనైనా టీ ఇస్తే రెండుసార్లు వద్దని మూడోసారి పుచ్చుకోవాలని తెలిసినవాణ్ణి, నాకూ తెలుసు. అయితే చేతిలో పెన్ డ్రైవ్ ఉన్నప్పుడు నా చెవులు పనిచెయ్యవు. ఇది వైద్యులు ఇంకా పేరు పెట్టని జబ్బు.

మొదట లింతాంగ్ అనే డిస్ట్రో వేశాను. తెర నిండా నక్షత్రాలు, కిటికీ మూస్తే వెన్నెలలా కరిగిపోవడం, అదో వైభవం. వారం పోయాక వెళ్ళి ఎలా ఉందని అడిగాను.

"ఎంత చప్పున వెలుగుతోందో మాస్! స్నానానికి కూడా టైముండటం లేదు."

"లోపమేమైనా ఉందా?"

ఆయన నా గ్లాసులో టీ పోశాడు. గ్లాసు నిండుగానే ఉంది, అయినా పోశాడు. "లోపమని కాదు... అక్షరాలు ఒక్క పిసరు చిన్నవేమో. అది నా కళ్ళ తప్పే లెండి."

అక్షరాలు పెద్దవి చెయ్యడానికి అర నిమిషం చాలు. నేను డిస్ట్రోనే మార్చాను. రెండోదాని పేరు కపస్, అంటే పత్తి, పాత యంత్రాలకు తేలికని ప్రతీతి. పది రోజులాగి వెళ్ళాను.

"చాలా తేలిగ్గా ఉంది మాస్. సంచిలో పెట్టుకుంటే బరువు కూడా తగ్గినట్టుంది."

"మొహమాటపడకండి. ఇంకేమైనా?"

"పెళ్ళిళ్ళ దగ్గర... ఇదివరకటి కంటే కొంచెం ప్రశాంతంగా ఉంటోంది."

ఆ వాక్యాన్ని ప్రశంసాపత్రంగా సంఘం మినిట్స్ పుస్తకంలో రాయించాను.

అయితే పాక్ పుజి ముఖంలో ఏదో వెలితి కనిపించింది. కనిపించిన వెలితిని సమావేశంలో పెట్టడం మా సంఘం ఆచారం. పాక్ పుజిహర్జోకి తగిన డిస్ట్రో ఏది అన్న ఏకైక అంశం మీద మేం నాలుగు ఆదివారాలు కూర్చున్నాం. అధ్యక్షుడు అన్నీ తాజాగా ఉండాలన్నాడు. కోశాధికారి అన్నీ పాతబడి నిలదొక్కుకుని ఉండాలన్నాడు. ఉపాధ్యక్షుడు, అసలు డిస్ట్రో ఎందుకు, పెద్దాయన ముక్కముక్కా తనే పోగేసి కట్టుకుంటే జ్ఞానం వస్తుంది కదా అన్నాడు. లాప్‌టాప్‌తో ఆయన చేసే పని ఏమిటని నాలుగు ఆదివారాల్లో ఎవరూ అడగలేదు. ఎవరో కిపో తెచ్చారు; కొబ్బరి కూరిన ఆ ఆకుపచ్చ మిఠాయి అయిపోగానే కోశాధికారి మాట నెగ్గింది. మూడోది వాతు, అంటే రాయి. ఒకసారి కూర్చుంటే కదలదని దాని కీర్తి.

వాతు వేసిన నెలకు నేనొక పెళ్ళికి వెళ్ళాను. వధువు గడప దాటే ఘడియ వచ్చింది. స్పీకర్లలోంచి గమెలాన్ రాలేదు. పాక్ పుజి మైకును పెదాల దగ్గరకు తెచ్చుకుని, కళ్ళు మూసుకుని, రాగమంతా నోటితోనే పాడాడు. గాంగ్ చప్పుడు వచ్చే చోట "గుంమ్" అని కూడా అన్నాడు. జనం ముగ్ధులైపోయారు. పాత పద్ధతి ఏదో తిరిగి తెచ్చాడని చెప్పుకున్నారు. నేనూ వెళ్ళి ఆయన చేతులు పట్టుకుని, "యంత్రాలకు లొంగని కళ అంటే ఇదీ!" అన్నాను.

"అంతా మీ చలవే మాస్" అన్నాడాయన తల వంచుకుని.

నేను దాన్ని కృతజ్ఞత అనుకున్నాను.

ఆ తర్వాత ఒక గురువారం మధ్యాహ్నం బు కస్మియాతి మా బడికొచ్చింది. తరగతి మధ్యలో గుమ్మంలో నిలబడి, "మాస్ వినార్డీ, బయటికి రండి. పిల్లల ముందు తిట్టడం బాగోదు" అంది.

వరండాలోకి వెళ్ళాను.

"ఐదు నెలలైంది. మీరు మొదటిసారి ముట్టుకున్న రోజునుంచి ఆ డబ్బాలోంచి స్పీకర్లకు పాట వెళ్ళడం లేదు. లోపల పెట్టెలో ఈగ మూలిగినట్టు వస్తుంది, వైరు పెడితే అదీ చస్తుంది. ఆ మనిషి ఐదు నెలలుగా గమెలాన్ మొత్తం నోటితో వాయిస్తున్నాడు."

"కానీ... బాగుందని చెప్పారే!"

"మీరు జావావాళ్ళా, ఊడిపడ్డారా ఎక్కణ్ణుంచైనా? సురబయదాన్ని, నాకే తెలిసిపోయింది!"

"పోనీ ఫోనులో వేసుకుని వాయించొచ్చు కదా?"

"నేనూ అదే అన్నా. మీ పని పనికిరాలేదని నలుగురికీ తెలిసిపోతుందట, మీ మనసు నొచ్చుకుంటుందట. నొచ్చుకుంటుందా?"

నొచ్చుకుంటుందని ఒప్పుకోవడానికి ఆ వరండా తగిన చోటు కాదు.

అప్పుడు ఆమె గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది. ఆదివారం ఎంబా గునో మనవరాలి పెళ్ళి. ఎంబా గునో అంటే పాక్ పుజికి గురువు. మైకు పట్టుకోవడం, మాట కూర్చడం, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, అన్నీ ఆయన పెట్టిన భిక్షే. ఒకప్పుడు ఆయనకు సొంత గమెలాన్ బృందం ఉండేది. ఎంబా అంటే తాత; ఆ మాటకు తగ్గ వయసొచ్చింది, ఎనభై ఆరు. రెండు తీగల రెబాబ్ మీద కమాను లాగిన ఆ వేళ్ళు ఇప్పుడు వంగవు. బృందంలో సగంమంది లేరు. ముప్ఫై ఒక్కేళ్ళ కిందట వాళ్ళు వాయించిన ఒక్క క్యాసెట్టు మిగిలితే, పాక్ పుజి దాన్ని లాప్‌టాప్‌లోకి ఎక్కించాడు. ఎక్కించిన మర్నాడు ఆ క్యాసెట్టు టేపు పుటుక్కున తెగింది. మనవరాలు గడప దాటేటప్పుడు గురువుగారు తన రెబాబ్ తనే వినాలి. పాక్ పుజి ఆ ఒక్క కోరికతో ఏడాదిగా ఉన్నాడు.

"గురువుగారి ముందు గురువుగారి రెబాబ్ నోటితో పాడమంటారా?" అంది. "నిన్నట్నుంచి అన్నం తినలేదు. అడిగితే కడుపు బాగానే ఉందంటాడు."

శుక్రవారం సెలవు పెట్టి వెళ్ళాను. పాక్ పుజి నన్ను చూసి, భార్యను చూసి, మొహం పక్కకు తిప్పుకుని, "ఈవిడ మిమ్మల్ని ఇబ్బంది పెట్టినట్టుంది. పెద్ద సమస్యేం కాదు మాస్" అన్నాడు.

"పెద్ద సమస్యే" అంది బు కస్మియాతి.

యంత్రానికి ఆజ్ఞలు టైపు చేసే నల్లతెర తెరిచాను. నల్లతెర మీద తెల్ల అక్షరాలు జారుతుంటే చూసేవాళ్ళకు గౌరవం కలుగుతుంది. చూసే నాకూ కలిగింది, అంతకు మించి ఏమీ తెలియలేదు. ఇదే లాప్‌టాప్, ఇదే జబ్బు ఉన్న మనిషి ఒకాయన బ్రెజిల్‌లో ఉన్నాడని ఇంటర్నెట్ చర్చావేదికల్లో వెతికితే తెలిసింది. ఆరేళ్ళ కిందట ఆయన ఎనిమిది పేజీల గోడు వెళ్ళబోసుకుని, చివర "సరిపోయింది, అందరికీ కృతజ్ఞతలు" అని రాసి, ఎలా సరిపోయిందో చెప్పకుండా లోకంలో కలిసిపోయాడు. ఆయన్ను నేను క్షమించలేదు.

సంఘానికి ఫోను చేశాను. ముగ్గురు మూడు కొత్త డిస్ట్రోల పేర్లు చెప్పారు. నా చెయ్యి దానంతటదే జేబులోకి పోయి పెన్ డ్రైవ్ తీసింది.

"అదేమిటి?" అంది బు కస్మియాతి.

"నాలుగో..."

ఆమె దాన్ని నా వేళ్ళలోంచి లాక్కుని చక్కెర డబ్బాలో వేసి మూత బిగించింది. "ఆ ఒక్క పాటా తీసి స్పీకర్లవాడి చేతిలో పెడితే పోయేదానికి ఇదంతా ఏమిటి?"

అది నిజంగా పది నిమిషాల పని. కానీ సంఘం ఒకటుంది, దాని పరువొకటుంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఒక పాటను వైరులోంచి పంపలేకపోయిందని చరిత్రలో నిలిచిపోవడం నాకు ఇష్టం లేదు. ఒక్కరోజు గడువడిగాను. ఆమె నన్ను జాలిగా చూసింది. మావైపు మనుషులైతే గౌరవంగా చూసేవాళ్ళు, అర్థం మాత్రం అదే.

పెన్ డ్రైవ్ లేకపోయేసరికి గత్యంతరం లేక ఆలోచించాను. మూడు డిస్ట్రోలు మారినా జబ్బు మారలేదు. అంటే జబ్బు మూటలో లేదు, మూడు మూటల్లోనూ ఉన్న ఆ ఒకే యంత్రంలో ఉంది. నేను ఐదు నెలలుగా గోడ కారుతుంటే గోడకు రంగులు మారుస్తూ వచ్చానన్నమాట. ఈ సంగతి మా బడిలో రెండో ఏడాది పిల్లలకు నేనే చెబుతాను. పరీక్షలో అడుగుతాను కూడా.

శనివారం పొద్దున శబ్దాల పట్టీ తెరిచాను. వరసగా నిలువు గొట్టాలు, ఒక్కో గొట్టం ఒక్కో దారి. వైరు గుచ్చే దారికి ఎదురుగా, గొట్టం అడుగున, రెండు చిన్న అక్షరాలు: ఆ దారి నోరు మూసి ఉందని గుర్తు. ఎం అనే మీట నొక్కాను, ఒక్కసారి.

వాకిట్లో పెట్టిన పెద్ద స్పీకరులోంచి రెబాబ్ లేచింది. పక్కింటి కోళ్ళు ఎగిరి గోడెక్కాయి.

"వస్తోందా, పాక్ పుజి?"

"చాలా బాగా వస్తోంది మాస్."

ఆ జవాబుకు నా దృష్టిలో ఇక విలువ లేదు. భార్య వైపు చూశాను.

"వస్తోంది" అంది ఆమె. అప్పుడు నమ్మాను.

మూడు డిస్ట్రోలు, నాలుగు సమావేశాలు, ఒక ప్రశంసాపత్రం. మందు ఒక మీట. ఆ మార్పును యంత్రం గుర్తుపెట్టుకోవాలంటే ఇంకొక్క వాక్యం టైపు చెయ్యాలి. నేను ఆ సమయంలో డిస్ట్రోకూ యంత్రానికీ గల భేదం గురించి పాక్ పుజికి ఉపన్యాసం ఇస్తున్నాను. ఆయన మర్యాదగా వింటున్నాడు. వాక్యం మిగిలిపోయింది.

ఆదివారం పదింటికి పందిరి నిండిపోయింది. మైకు పక్కన బల్ల, బల్ల మీద నేలదాకా జారిన ఎర్రగుడ్డ, దాని మీద లాప్‌టాప్. ఎంబా గునో మొదటి వరసలో, చేతికర్ర మోకాళ్ళ మధ్య పెట్టుకుని, మంచి చెవి ఉన్న వైపు స్పీకరుకు తిప్పి కూర్చున్నాడు. ఆయనకు ముందుగా ఏమీ చెప్పలేదు. శిష్యుడి మొహం చూసి ఏదో ఉందని పసిగట్టినట్టున్నాడు.

వరుడొచ్చాడు, మామూలు రికార్డు మోగింది. నేను నాలుగు వైపులా చూసి, ఎవరైనా అభినందిస్తారేమోనని బల్ల పక్కనే నిలబడ్డాను. ఆ క్షణంలోనే వంటవాళ్ళెవరో టీ కాగుకు కరెంటు కావాలని మా ప్లగ్గు పీకారు. ఆ లాప్‌టాప్ బ్యాటరీ అలంకారానికి ఉన్నది. తెర ఆరిపోయింది.

బల్ల కింద దూరి ప్లగ్గు పెట్టాను. మీట నొక్కాను. వాతు, అదే మా రాయి, లేచి కూర్చుంది. లాప్‌టాప్‌ను గుడ్డ చాటున కిందికి, నా ఒళ్ళోకి లాక్కుని పాట నొక్కాను. తెర మీద పాట నడుస్తోంది. బయట వధువు గడప దగ్గరకొచ్చేసింది. నాకు బల్ల కింద నుంచి స్పీకరు వినపడుతుందో లేదో తెలియడం లేదు, జనం గోల.

"వస్తోందా, పాక్ పుజి?" అన్నాను గుడ్డలోంచి.

"వస్తోంది... మాస్" అన్నాడు అలవాటు కొద్దీ.

బు కస్మియాతి అవతల ఆడవాళ్ళ వరసలో ఉంది, అందదు. గుడ్డ పక్కకు జరిపి చూశాను. పాక్ పుజి నన్ను చూడటం లేదు. ఎంబా గునోను చూస్తున్నాడు. ముసలాయన ఇంకా చెవి రిక్కించే ఉన్నాడు, ఏ శబ్దమూ లేని స్పీకరు వైపు. పాక్ పుజి పాగా సర్దుకున్నాడు. తర్వాత మైకు పైకెత్తి, పెళ్ళిళ్ళలో తప్ప ఎక్కడా వాడని ఆ ఉన్నత జావనీసులో, మూడొందలమంది ముందు మొదలుపెట్టాడు:

"సభాసదులకు సాష్టాంగ ప్రణామములు. బల్ల క్రింద ఆసీనులై యున్న శ్రీమాన్ వినార్డి గారి సన్నిధికి ఈ దీనుడు విన్నవించుకొనునది ఏమనగా, శబ్దము వచ్చుట లేదు. ఎంతమాత్రమును వచ్చుట లేదు. ఐదు మాసములుగా వచ్చుట లేదు."

తంతులో భాగమనుకుని చాలామంది పెద్దలు తలలు వంచారు. ఆడవాళ్ళ వరసలోంచి ఒక్క నవ్వు మాత్రం పగలబడి వినిపించింది. ఎవరిదో చెప్పక్కర్లేదు.

ఆయన నోట అంతకు ముందెవరూ వినని మాట అది. అది విన్నాక నా వేళ్ళకు దారి తెలిసింది. పట్టీ, గొట్టం, రెండు అక్షరాలు, ఎం మీట.

రెబాబ్ మోగింది.

వధువు గడప దాటింది. ఆ మూడడుగుల మీద నాలుగు నిమిషాలు మాట్లాడాల్సిన మనిషి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మైకు కిందికి దించి నిలబడిపోయాడు. ఎంబా గునో కర్ర మీద వేళ్ళు కదిలించబోయాడు. అవి వంగలేదు, బొటనవేలు ఒక్కటే కదిలింది, సరిగ్గా తాళానికి.

పాట అయ్యాక పాక్ పుజి వెళ్ళి ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. బల్లకు దగ్గరే కాబట్టి నాకన్నీ వినిపించాయి.

"నేనే కదరా?" అన్నాడు ముసలాయన.

"మీరే, ఎంబా."

"ఆ రోజు సన్న తీగ శ్రుతి తప్పిందేమోనని నాకు అనుమానం. అందర్నీ అడిగాను. బాగుందన్నారు. నువ్వూ బాగుందన్నావు."

గుడ్డ అంచులోంచి నాకు పాక్ పుజి వీపు, వెనక దోపిన క్రిస్ కనిపిస్తున్నాయి. ఆ వీపు ఒకసారి పెద్దగా ఊపిరి తీసుకుంది.

"తప్పింది, ఎంబా. మొదట్నుంచీ చివరిదాకా."

"ముప్ఫై ఒక్కేళ్ళా కడుపులో పెట్టుకున్నావురా, దొంగవెధవా!" అని ఎంబా గునో నవ్వాడు. దగ్గొచ్చేదాకా నవ్వాడు, మంచినీళ్ళు తెచ్చి ఇవ్వాల్సొచ్చింది. తాగి, గ్లాసు తిరిగిచ్చి, "మళ్ళీ పెట్టించు. ఎక్కడెక్కడ తప్పానో చెబుతూ ఉండు" అన్నాడు.

పాక్ పుజి బల్ల వైపు తిరిగి, మైకు లేకుండా, మామూలు గొంతుతో, "మాస్, మళ్ళీ పెట్టండి. ఈసారి ఏమీ మార్చకుండా" అన్నాడు.

నేను లేవలేదు. మార్పును గుర్తుపెట్టుకోమని యంత్రానికి చెప్పే ఆ ఒక్క వాక్యం పందిట్లో గుర్తుకు రాలేదు. గుర్తొచ్చేదాకా ప్లగ్గు ఎవరూ పీకకుండా దాని మీద చెయ్యి వేసుకుని కూర్చోవడమే మేలనిపించింది. పాట ఐదుసార్లు పెట్టించారు. మూడోసారికి గుడ్డ కిందినుంచి ఒక పళ్ళెం లోపలికొచ్చింది, అన్నం, పనసకూర, గుడ్డు.

"తినండి" అంది బు కస్మియాతి. "లేవకండి."